ఆరున్నొక్కటి

“ఒక్క గింజ తగ్గలేదు,” అన్నాడు పద్మనాభయ్య.

తృప్తితో అనవలసిన మాట అది. ఆయన మాత్రం ఓడిపోయినవాడిలా అన్నాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా, ఇంటి వాడకానికి కొట్టులో పోసి ఉంచిన వడ్లన్నిటినీ తానే మళ్ళీ కొలిచి, భుజాల మీద దుమ్ముతో, నెరిసిన జుట్టులో ఊకతో గడప దగ్గర నిలబడ్డాడు. ఇనుప కుంచం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

“తగ్గకపోతే మంచిదే గదా అబ్బయా. మొగం అట్టా పెట్టినావేంది?” అంది చెంచమ్మ.

ఆమె ఆయనకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. మరదలు మంచం పట్టిన తరువాత ఇంటి తాళపుచెవులు ఆమె నడుముకు మారాయి.

“మంచిదెట్టా అవుతుంది? తగ్గింటే దొంగ దొరికిండేది. ఇప్పుడు దొంగా లేదు, దొంగతనమూ లేదు. నువ్వేమో చెవులారా విన్నానంటివి.”

“విన్నా. నా చెవులకేం పుట్టలేదు రోగం. పొద్దున లోపలింట్లో ఈ పిల్ల ‘ఇవాళ ఎంత అత్తా?’ అని అడిగింది. మరదలు ‘కుంచం నిండింది, పైన రాశి గూడా ఉండాది’ అనింది. నిన్న ‘రెండు మానికలే’ అనింది. అంతకుముందు డాక్టరు పోతాపోతా ఉంటే ఈ పిల్ల వాకిట్లోకి పరిగెత్తి, ఆయనతో గుసగుసగా ‘కుంచానికి తక్కువ లేదండీ’ అని చెప్పింది. డాక్టరుకు మన వడ్ల లెక్కలెందుకు, చెప్పు?”

పద్మనాభయ్య కోడలి వైపు తిరిగాడు.

పుష్పకుమారి వంటింటి గుమ్మంలో బియ్యం కడుగుతూ ఆగిపోయింది. ఆమె పెనిమిటి రంగనాయకులు గూడూరులో అభ్రకం కంపెనీలో పని చేస్తాడు, ఆదివారాలు వచ్చి పోతాడు. కడుగునీళ్ళు ఆమె వేళ్ళ చివరలనుండి బొట్లుబొట్లుగా గడప మీద పడుతున్నాయి. ఆమె వాటిని తుడవలేదు.

“నేను అడిగేది ఒకటే పుష్పా. నాకు తెలీకుండా డాక్టరుకు వడ్లు కొలిచి, మీ అత్తకు ఆ సూది వేయిస్తుండారా?”

“లేదు మామా.”

“వడ్లు మనవి కాకుంటే మీ పుట్టింటివి తెప్పిస్తుండావా?”

“లేదు మామా.”

“మరి కుంచమేంది?”

ఆమె తల వంచుకుంది.

“చెప్పను మామా. అత్త చేతిలో చెయ్యి వేసినా.”

*

ఆ ‘సూది’ అనే మాట ఆ ఇంట్లో అంత మెల్లగా ఎందుకు పలుకుతారో పాళెమంతటికీ తెలుసు.

మదరాసు పెద్దాసుపత్రివారు పద్మనాభయ్య భార్య ఆదిశేషమ్మకు ఇక కోతా లేదు, మందూ లేదు, ఇంటికి తీసుకుపోయి సుఖంగా ఉంచమన్నారు. గర్భసంచిలో మొదలైన రాచపుండు నడుము ఎముకలదాకా పాకిందని కావలి డాక్టరు జయరామయ్య పద్మనాభయ్యను సరుగుడు తోపులోకి పిలుచుకుపోయి చెప్పాడు. రాచపుండు అనే పేరు ఆ తోపు దాటి ఇంట్లోకి రాలేదు. “వాతం” అని పద్మనాభయ్య అన్నాడు. అందరూ అదే అన్నారు. రోగి కూడా అదే అంది.

బాధ ఎక్కువైతే నిద్ర పట్టించే సూది తన దగ్గర ఉందని జయరామయ్య చెప్పినప్పుడు పద్మనాభయ్యకు గుర్తుకు వచ్చినవాడు వెంకయ్య. చిన్ననాటి నేస్తం. కడుపులో గడ్డతో తీసుకొని తీసుకొని, దీపాలు పెట్టే వేళ సూది వేయించుకొని, తెల్లవారి లేవలేదు. రోగం ముదిరి పోయాడని డాక్టరు ఎంత చెప్పినా పద్మనాభయ్య మనసులో సూదీ చావూ ఒకదాని వెనుక ఒకటి గుమ్మం దాటి వచ్చాయి. వాటిని ఆయన విడదీయలేకపోయాడు.

“నొప్పి లేదంటుండాది గదా మనిషి. లేని నొప్పికి సూదెందుకు?” అన్నాడు డాక్టరుతో.

ఇంటి యజమాని వద్దన్న సూదిని తాను వేయనని జయరామయ్య వెళ్ళిపోయాడు. ఈ సాయంత్రం మళ్ళీ వస్తానన్నాడు. ఇదే చివరిసారి అడగడమనీ, ఆ తరువాత తాను మంచం పక్కన నిలబడి చూడలేననీ అన్నాడు.

మదరాసునుండి వచ్చిన రోజునే పద్మనాభయ్య ఇంకొక కట్టడి కూడా పెట్టాడు. ఈ ఇంట్లో ఏడుపు వినపడగూడదు. ఎవరికైనా వస్తే సముద్రం ఒడ్డుకు పోయి రండి, అక్కడ ఆ హోరులో ఎవరికీ వినపడదు.

అందరూ ఆ కట్టడిని పాటించారు. ఒడ్డుకు మాత్రం ఎవరూ పోలేదు.

*

“చేతిలో చెయ్యి వేసిందంట!” చెంచమ్మ చేతులు తిప్పింది. “వచ్చి రెండేళ్ళు గాలేదు, అత్తా కోడళ్ళకు ఒట్లూ సత్యాలూ! ఏమ్మే, మీ గూడూరు సంతలో నిమ్మకాయలు లెక్కపెట్టుకోడం తప్ప కుంచం మొగం చూసినారా మీరు? నిరుడు కళ్ళంలో రాశి దగ్గర నిలబడి, అంతమంది ముందర గొంతెత్తి ‘ఏడు’ అనిన పిల్లవు నువ్వు. రాశి కొలిచే చోట ఏడూ అంటారా ఎవరైనా? ఏడవమన్నట్టు గాదా! ‘ఆరున్నొక్కటి’ అనాలని ఆ పొద్దు మీ మామ చెప్తే ముసిముసిగా నవ్వితివి. ఇప్పుడు నవ్వు.”

“నేను నవ్వలేదు పెద్దమ్మా. సిగ్గుపడినా.”

“రెండూ ఒకటే మీ గూడూరులో.”

“అక్కా, ఉండు,” అన్నాడు పద్మనాభయ్య.

కళ్ళంలో రాశి కొలవడానికి బోగోలు చుట్టుపక్కల ఆయనకు ఒక పేరుంది. ఆయన చేతి కుంచంలో గింజ ఎక్కువా పడదు, తక్కువా పడదు. మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ఆరు దాటాక ‘ఆరున్నొక్కటి’ అని, ఆయన పాడినట్టు లెక్కపెడుతుంటే రైతులు బీడీలు ఆర్పుకొని వినేవారు. సర్కారువారి కొత్త లీటరు డబ్బా ఇంటికి వచ్చింది గాని అటక దిగలేదు.

అటువంటి మనిషికి తన ఇంట్లో తాను ఎరుగని కొలత ఒకటి సాగుతున్నదంటే, అది దొంగతనం కంటే పెద్ద అవమానం.

“ఆదివారం నీ మొగుడు వస్తాడు పుష్పా. వాడికి ఏం చెప్పమంటావు?”

“మీకు తోచింది చెప్పండి మామా. దొంగదని చెప్పినా సరే.” కళ్ళలోకి వచ్చిన నీటిని ఇంటి కట్టడి గుర్తుకు వచ్చి అక్కడే ఆపుకుంది. “నేను మాత్రం చెప్పను.”

అప్పుడు లోపలింట్లోనుండి ఒక గొంతు వినిపించింది. చాలా సన్నని గొంతు. ఒకప్పుడు ఈ గొంతే చేనిగట్టు మీద నిలబడి పిలిస్తే నాలుగు మళ్ళ అవతల కూలీలు తలెత్తేవారు.

“వదినా, ఆ బిడ్డనేం అనబాకండి. ఆయన్ను లోపలికి రమ్మనండి. కుంచం గూడా తెమ్మనండి.”

*

ఆదిశేషమ్మ ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకొని పడుకొని ఉంది. కిటికీలోనుండి ఉప్పుగాలి వస్తున్నది. ఆమె ముఖాన కుంకుమ పొద్దుటిదే అయినా చెమటకు కరిగి కనుబొమల మధ్యదాకా జారింది.

పద్మనాభయ్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కుంచాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పుష్ప వడ్లు తియ్యలేదు,” అంది ఆమె.

“తెలుసు. కొలిచినా.”

“కొలిస్తేగాని తెలీలేదా నీకు?”

ఆయన ఒళ్ళోని కుంచాన్ని అటు తిప్పి పెట్టుకున్నాడు.

“ఈ తువాలు చూడు,” అంటూ ఆమె దిండు కిందినుండి ఒక పాత గళ్ళ తువాలు లాగింది. అంచు పొడుగునా చిన్నచిన్న చిల్లులు, పోగులు లేచిన గాట్లు.

“ఎలకలు కొట్టినాయని మొన్ననే చెప్తిని గదా. బోను పెట్టించినా గూడా,” అన్నాడు ఆయన.

ఆదిశేషమ్మ నవ్వింది. నవ్వుకు నడుము కదిలి, నవ్వు మధ్యలోనే ఆగి, పెదవి పంటి కిందికి పోయింది. కొంచెంసేపటికి తేరుకుంది.

“ఎలక ఇదిగో, మంచం మీద ఉండాది. నీ బోనులో పెట్టిన కొబ్బరి ముక్క మీ అక్క కూరలో వేసుకుంది, పాపం.”

పద్మనాభయ్య తువాలును చేతిలోకి తీసుకున్నాడు. చిల్లుల మీద బొటనవేలు నడిపాడు. అవి ఎలుక పళ్ళంత చిన్నవి కావు. అంత చిన్నవిగా మొన్న ఎట్లా కనిపించాయో ఆయనకు అర్థం కాలేదు.

“కుంచమంటే ఇదా?” అన్నాడు.

“ఇదే. డాక్టరు వచ్చినప్పుడల్లా ఎంత నొప్పమ్మా, కొంచెమా, ఎక్కువా అని అడుగుతాడు. కొంచెమంటే ఎంత? ఎక్కువంటే ఎంత? నాకు చెప్పను రాలేదు. కళ్ళు మూసుకొని పడుకుంటిని. అప్పుడు పుష్ప అనింది, ‘అత్తా, మామ వడ్లు కొలిచినట్టు చెప్పు’ అని. నాకు నవ్వొచ్చింది. మళ్ళీ ఆలోచిస్తే, మన ఇంట్లో అంతకంటే నమ్మకమైన లెక్క ఏముండాది?” ఊపిరి కోసం ఆగింది. “గిద్దెడంటే లేచి కూచోగలను. మానికంటే పడుకొని మాట్లాడగలను. కుంచమంటే తువాలు.”

“తూమంటే?”

ఆమె కిటికీ వైపు చూసింది.

“తూము ఒక్కసారి వచ్చింది. నువ్వు పొలానికి పోయిన పూట. నువ్వు లేనప్పుడే రమ్మని చెప్పిపెట్టినాలే. నీ అరుపులకు నొప్పి గూడా జడుస్తుంది.”

ఆయన నవ్వలేదు.

“నాకెందుకు చెప్పలేదు శేషా?”

“నువ్వు ఎప్పుడు అడిగితివి?”

“రోజూ అడిగినా! పొద్దున అడిగినా, పొలంనించి వస్తానే అడిగినా. నొప్పి లేదు గదా, నొప్పి లేదు గదా అని నోరు నొప్పి పుట్టేట్టు అడిగినా.”

“అదే. నొప్పి లేదు గదా అని అడిగితివి. ఉండాదా అని అడగలేదు.”

బయట గదిలో చెంచమ్మ తాళపుచెవుల గుత్తి చప్పుడు కాకుండా పిడికిట్లో పట్టుకుంది. వంటింటి గుమ్మంలో కడిగిన బియ్యం నీళ్ళు పీల్చి తెల్లగా ఉబ్బుతున్నాయి. పుష్పకుమారి వాటిని చూడలేదు.

*

ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళ మధ్య మౌనాలు లేకపోలేదు. అవన్నీ ఎవరో ఒకరి కోపంతో నిండి ఉండేవి. ఈ మౌనంలో కోపం లేదు. అందువల్ల అందులో ఎట్లా కూర్చోవాలో ఇద్దరికీ తెలియలేదు.

“నీ మొగం చూస్తే చెప్పబుద్ధి గాదు,” అంది ఆమె మెల్లగా. “నా నొప్పికి కొలత దొరికింది. నీ మొగానికి దొరకలేదు. లేదంటే చాలు, అన్నం తినేవాడివి. ఉండాదంటే కంచం ముందర కూచొని నీళ్ళు తాగి లేచిపోతావు. మదరాసునించి వచ్చేటప్పుడు రైల్లో చూసినా గదా.”

“అందుకని తువాలు కొరుక్కుంటావా?”

“నువ్వు తింటే చాలనుకున్నా.”

పద్మనాభయ్య ఒళ్ళోని కుంచాన్ని తీసి పక్కన పెట్టాడు. నేల మీద అది చేసిన చిన్న చప్పుడుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“ఆ సూది...” అన్నాడు. “వెంకయ్యను చూసినా నేను. ఆ సూది వేస్తా ఉంటే నాతో మాట్లాడినాడు. బావి దగ్గరి మడికి నీళ్ళు పెట్టినావా అని అడిగినాడు. పెట్టినా అని చెప్పేలోపల కళ్ళు మూసుకున్నాడు. ఆ జవాబు నా నోట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఉండాది.”

ఇన్నాళ్ళుగా ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఆమెకే కాదు, అక్కకు కూడా తెలియదు.

ఆదిశేషమ్మ ఆయన తలమీది ఊకను ఒక్కొక్కటిగా ఏరసాగింది. చెయ్యి ఎత్తడం ఆమెకు కష్టంగా ఉందని గ్రహించి ఆయన తలను మంచం అంచుదాకా దగ్గరకు తెచ్చాడు.

“వెంకయ్య పోవాల్సినోడే పోయినాడు. పోయేముందర కొంచెం నిదరపోయినాడు, అంతే. నువ్వు నిదరను చూసి జడుసుకుంటుండావు. నాకైతే వాణ్ణి తలుచుకుంటే కుళ్ళుగా ఉండాది.”

“అట్టా మాట్లాడబాక.”

“మరి ఎట్టా మాట్లాడేది? వాతం అని మాట్లాడేదా?”

ఆయన తల పైకెత్తాడు. ఆమె కళ్ళు ఆయన కళ్ళను వదలలేదు. సరుగుడు తోపులో జయరామయ్య చెప్పిన మాట ఎప్పుడో నడిచివచ్చి ఈ మంచం మీద కూర్చుందని, దానితో ఆమె ఒంటరిగా కాపురం చేస్తున్నదని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది.

“నీకు తెలుసా?”

“ఒళ్ళు నాది గదయ్యా. నాకు తెలీకుండా యాడికి పోతుంది?”

“సూది వెయ్యమని నా నోటితో ఎట్టా చెప్పేది శేషా? నిన్ను పొమ్మని చెప్పినట్టు గాదా?”

“పొమ్మని కాదు. పడుకోమని చెప్పు.” ఆమె పెదవి కొసన మళ్ళీ నవ్వు కదిలింది. “పెళ్ళయినకాడినించి, ఇంక చాల్లే, పడుకోమ్మే అని ఒక్కసారన్నా అన్నావా నన్ను? గొడ్లకు కుడితి పెట్టినావా, కళ్ళానికి సద్ది పంపినావా. ఇదే గదా. ఒక్కసారి అను. వినాలని ఉండాది.”

ఆయన నోరు తెరిచాడు. అప్పటికి ఆమె ముఖం మారిపోయింది.

*

నొప్పి వచ్చే తీరు అది. ముందు ఆమె పెదవి కొసన ఉన్న నవ్వు సన్నగిల్లింది. తరువాత కళ్ళు ఎక్కడో దూరాన దేన్నో వింటున్నట్లు నిలిచిపోయాయి. చెయ్యి తనంతట తానే దిండు కిందికి తువాలు కోసం వెళ్ళింది.

తువాలు ఆయన దగ్గర ఉంది. ఆయన దాన్ని ఇవ్వలేదు. ఆ చేతిలో తన చెయ్యి పెట్టాడు.

“పిడికిలి బిగించు. ఎంత గట్టిగానన్నా బిగించు.”

“నువ్వు పో. వదినను పంపు.”

“పోను. నేను కొలిచేటోణ్ణి. ఎంతుండాదో నేనే కొలుస్తా.”

ఆమె వేళ్ళు బిగిసాయి. ఇంత సన్నని చేతిలో ఇంత బలం ఉంటుందని ఆయన అనుకోలేదు. ఆ బిగువు ఒక అల లేచి విరిగినట్లు లేచి, విరిగి, సడలింది.

కొలిచేవాడి నోటికి కొలిచే మాటే వచ్చింది.

“లాభం,” అన్నాడు.

అని, తానేమన్నాడో విని తానే దిగ్భ్రమపడ్డాడు. ఆమె మూసుకున్న కళ్ళతోనే ఊపిరి కూడదీసుకొని అడిగింది:

“దీనిగ్గూడా... లాభమేనా?”

“అలవాటయ్యా, ఏం చేసేది,” అన్నాడు. భార్యను ‘అయ్యా’ అన్నానని కూడా ఆయనకు తెలియలేదు.

మళ్ళీ చెయ్యి బిగిసింది.

“రెండు.”

సడలింది, బిగిసింది.

“మూడు.”

బయట గదిలో పుష్పకుమారి గోడకు ఆనుకొని నిలబడింది. చెంచమ్మ ఆమె పక్కకు వచ్చింది. ఏమీ అనలేదు. తన చీరచెంగుతో పిల్ల తడి చేతులను తుడవసాగింది.

“నాలుగు,” అని లోపలినుండి వినిపించింది.

ఇసుకదిబ్బ మలుపు దగ్గర సైకిలు గంట మోగింది. జయరామయ్య సైకిలు. ఆ గంట ఇంట్లో అందరికీ తెలుసు. లోపలి గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది.

“అయిదు.”

ఆదిశేషమ్మ నుదుటి మీది కుంకుమ ముక్కు పక్కగా జారింది. ఆయన దాన్ని రెండో చేతి వేలితో తుడిచాడు. ఆమె అరవలేదు. ఇంకా తన కోసమే అరవడం లేదని ఆయనకు తెలిసింది.

“ఆరు.”

ఈసారి అల పెద్దది. ఆమె గోళ్ళు ఆయన మణికట్టులో దిగాయి. ఆయన నోరు తన పాత మాట కోసం అలవాటుగా తెరుచుకుంది.

“ఆరున్—”

మాట రాలేదు. ఎన్ని కళ్ళాలలో, ఎన్ని రాశుల దగ్గర, ఎంతమంది ముందర తడబడకుండా పలికిన మాట! దవడలు బిగించి మళ్ళీ ప్రయత్నించాడు.

“ఆరున్—”

“వద్దు,” అంది ఆదిశేషమ్మ. కళ్ళు తెరిచి ఉన్నాయి. నొప్పి ఇంకా వాటిలోనే ఉంది. దాన్ని దాటి ఆమె ఆయన్ను చూస్తున్నది. “ఆ మాట వద్దు. ఈ ఒక్కసారికి ఉండే మాట అను.”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఏడు,” అంది ఆమె.

పసిబిడ్డ వీపు నిమురుతూ చెప్పినట్లు మళ్ళీ అంది.

“ఏడు.”

మదరాసునుండి వచ్చిననాటి నుండి ఆ ఇంట్లో వినపడని చప్పుడు లోపలింట్లోనుండి బయటికి వచ్చింది. చెంచమ్మ చేతిలో తాళపుచెవులు నేల మీద పడ్డాయి. పుష్పకుమారి వాటిని తీయడానికి వంగి, వంగినచోటనే చతికిలబడింది.

వాకిట్లో సైకిలు ఆగింది. జయరామయ్య చెప్పులు విడిచి, సంచి చేతిలో పట్టుకొని గడప ఇవతలనే నిలబడ్డాడు.

“పద్మనాభయ్యా! సూది తెచ్చాను. రమ్మంటే వస్తాను. వద్దంటే ఈ గడపనుండే వెళ్ళిపోతాను. చెప్పు.”

పుష్పకుమారి కళ్ళు తుడుచుకొని లోపలింటి తలుపు దగ్గరకు వచ్చింది. “మామా, డాక్టరుగారికి ఏం చెప్పమంటారు?”

పద్మనాభయ్య మంచం పట్టె మీద నుదురు ఆనించి ఉన్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. జవాబు చెప్పడానికి తల ఎత్తాడు, ‘రమ్మను’ అనబోతే పెదవులు కలవలేదు.

ఆయన చేతిలో ఆమె చెయ్యి ఎనిమిదోసారి బిగిసింది.